దోర జామకాయ, ఉప్పుకారం: పొయ్యి వెలిగించకుండా పది నిమిషాల్లో

జామకాయ కోసి ఉప్పుకారం చల్లుకోవడం చిన్నపిల్లలకైనా తెలిసిన పనే. అయినా బండి దగ్గర తిన్న ముక్కకీ ఇంట్లో కోసుకున్న ముక్కకీ తేడా కనిపిస్తూనే ఉంటుంది. ఇంట్లో కోసినవి కాసేపటికే నీరుకారిపోతాయి. కారం ఒక్కచోట ముద్ద కడుతుంది, గిన్నె అడుగున ఎర్రటి నీళ్ళు నిలుస్తాయి, పైముక్కలు చప్పగా, అడుగుముక్కలు ఉప్పగా ఉంటాయి. బండి దగ్గర దినుసులేవీ వేరుగా ఉండవు. కాయ దోరగా ఉన్నప్పుడే కోస్తారు, మీరు అడిగాకే కోస్తారు, ఉప్పుకారం అన్నిటికన్నా చివర పెట్టి చేతికిస్తారు, మీరు అక్కడే నిలబడి తినేస్తారు. ఈ వరస తప్పకుండా ఇంట్లో చేస్తే ఆ రుచే వస్తుంది.

ఇక్కడి కొలతలు ఇద్దరు ముగ్గురికి సరిపోతాయి. చెంచా అన్నచోటల్లా 5 మిల్లీలీటర్ల టీ చెంచా. కుప్పగా కాకుండా, అంచుకు సమంగా తీసుకోవాలి.

కావలసినవి

దోర జామకాయలు: మధ్యరకంవి రెండు, లేదా పెద్దది ఒకటి (300 నుంచి 350 గ్రాములు)
నిమ్మరసం: ఒక చెంచా
ఉప్పుకారం పొడి: ముప్పావు చెంచా

పొడి ఒకసారి కలిపి పెట్టుకుంటే ఏడుసార్లకు వస్తుంది. దానికి కావలసినవి ఇవి: మెత్తటి ఉప్పు 2 చెంచాలు, ఎండుమిరప కారం ఒకటిన్నర చెంచా, మామిడి ఒరుగుల పొడి ఒక చెంచా, నల్లుప్పు అర చెంచా, పొడిచేసిన పంచదార అర చెంచా.

కాయ ఎంచుకోవడం

పనిలో సగం కొట్టు దగ్గరే అయిపోతుంది. జామ చెట్టు నుంచి కోశాక కూడా పండుతుంది, అదీ చాలా తొందరగా. ఇవాళ దోరగా ఉన్న కాయ ఎండాకాలంలో రేపటికే మెత్తబడవచ్చు. అందుకని వారానికి సరిపడా ఒకేసారి కొనకండి. ఏరోజు తింటారో ఆరోజుకో, మర్నాటికో తగ్గట్టు తీసుకోండి.

దోరకాయ తొక్క ముదురాకుపచ్చ వదిలి లేత ఆకుపచ్చకు తిరిగి ఉంటుంది, అక్కడక్కడ కాస్త పసుపు ఛాయ ఉంటుంది. బొటనవేలితో నొక్కితే గట్టిగానే ఉంటుంది, కానీ రాయిని నొక్కినట్టు ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా వాసన తగులుతుంది. ఈ మూడు గుర్తుల్లో వాసనకే ఎక్కువ విలువ ఇవ్వండి. రంగు రకాన్ని బట్టి మారుతుంది, గట్టిదనం ఫ్రిజ్‌లో పెట్టిన కాయలో మోసం చేస్తుంది, వాసన మాత్రం అబద్ధం చెప్పదు. ముదురు రంగులో ఉండి వాసనే లేనిది పచ్చికాయ. కోస్తే వగరు నాలుకను పట్టేస్తుంది, ఎంత ఉప్పు వేసినా అది పూర్తిగా పోదు. ఇక నిండా పసుపు తిరిగి, దూరానికే ఘుమాయిస్తూ, వేలు దిగబడేది పండు. దాన్ని ఉత్తినే తినండి. ఉప్పు తగలగానే అది గుజ్జైపోతుంది.

రకాల సంగతికొస్తే, లక్నో-49, అలహాబాద్ సఫేదా రెండూ తెల్లగుజ్జువి. తీపి, వాసన రెండూ కలిసి ఉంటాయి కాబట్టి ఈ పనికి మా మొదటి ఎంపిక ఇవే. తైవాన్ పింక్ పేరుతో అమ్మేదాని గుజ్జు గులాబీరంగులో ఉంటుంది, పళ్ళెంలో చాలా అందంగా కనిపిస్తుంది. ఒక్కోటి అరకిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తూగే భారీకాయ వి.ఎన్.ఆర్. బిహి. గుజ్జు దళసరిగా, గింజ తక్కువగా ఉండి బాగా కరకరలాడుతుంది. అయితే పెరటి నాటుకాయకుండే పరిమళం దానిలో వెతకొద్దు. దానికి నిమ్మరసం, ఒరుగుల పొడి కాస్త ఎక్కువే పడతాయి.

చలికాలపు కాపుకీ వానాకాలపు కాపుకీ చాలా తేడా ఉంది. వానల్లో వచ్చే కాయ నీరుగా, చప్పగా ఉంటుంది. నవంబరు నుంచి సంక్రాంతి దాకా వచ్చే కాయలో తీపి బాగా కూడుతుంది. వానాకాలంలో మరో చిక్కు పండుఈగ. అది కాయ తొక్కలోకి సూదిలా గుచ్చి గుడ్లు పెడుతుంది. పుట్టిన పురుగులు లోపల గుజ్జు తింటూ పెరుగుతాయి, పైకి మాత్రం చిన్న చుక్కే కనిపిస్తుంది. అలాంటి చుక్క ఉంటే దాని చుట్టూ వేలితో నొక్కి చూడండి. ఆ ఒక్కచోటే మెత్తగా లొంగితే ఆ కాయ పక్కన పెట్టేయండి. తొక్క మీద ఎండిన గీతలు, పొలుసుల్లాంటి గోధుమరంగు మచ్చలు పైపైనవే అయితే భయపడక్కర్లేదు. చాకుతో అక్కడ చెక్కేస్తే సరిపోతుంది.

పొరపాటున పచ్చికాయలు తెచ్చారనుకోండి. ఒక కాగితం సంచిలో వాటితోపాటు పండిన అరటిపండు ఒకటి వేసి, మూతి మడిచి బయటే ఉంచండి. అరటిపండు వదిలే ఇథిలీన్ వాయువుకు ఒకటి రెండు రోజుల్లో దోరకు వస్తాయి. పొద్దున, సాయంత్రం తీసి చూసుకుంటూ ఉండాలి. పచ్చికాయను ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. 10 డిగ్రీలకన్నా తక్కువ చల్లదనంలో పచ్చి జామ దెబ్బతింటుంది. తొక్క గోధుమరంగుకు మారుతుంది, తర్వాత బయటపెట్టినా సరిగ్గా పండదు. దోరకు వచ్చాక, ఆరోజు తినలేకపోతే, అప్పుడు పెట్టుకోవచ్చు.

ఉప్పుకారం పొడి

కూరలో వేసే కారం నూనెలో మగ్గుతుంది, ఉడుకుతుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు. డబ్బాలోంచి తీసిన కారం నేరుగా నాలుక మీదికి వస్తుంది. కాబట్టి పాతబడి రంగు వెలిసిన కారం, ముక్కిన వాసన వేసే కారం ఇక్కడ దాక్కోలేవు. ఆవకాయకని కొట్టించిన కొత్త కారం ఇంట్లో ఉంటే అదే వాడండి. వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర కలిపి దంచిన కూరకారం, సంబారు కారం వద్దు. వెల్లుల్లి జామ వాసనను మింగేస్తుంది. ఒట్టి ఎండుమిరప కారమే కావాలి.

తేజ రకం మిరప కారమైతే ఘాటు ఎక్కువ, ఒకటిన్నర చెంచాకు బదులు ఒకటి చాలు. బ్యాడిగి రకం రంగు బాగా ఇస్తుంది, ఘాటు తక్కువ, రెండు చెంచాలు వేసినా నాలుక మండదు. పిల్లలు కూడా తినే ఇంట్లో బ్యాడిగి మంచిది.

విడిగా కొన్న కారమైతే ఒక పరీక్ష చేసుకోండి. గాజు గ్లాసులో నీళ్ళు తీసుకుని పైన చిటికెడు కారం చల్లి, కదపకుండా చూడండి. కృత్రిమ రంగు కలిసి ఉంటే నీళ్ళలోకి ఎర్రటి చారలు తీగల్లా దిగుతాయి. మంచి కారం అలా రంగు వదలదు. అర నిమిషం పని, పచ్చిగా తినేదానికి తప్పక చేయాల్సిన పని.

కల్లుప్పే కావాలనుకుంటే ముందు మిక్సీలోనో కల్వంలోనో మెత్తగా పొడిచేసి, ఆ తర్వాత కొలవండి. పలుకులుగా కొలిస్తే చెంచాకు పట్టే బరువు మారి లెక్క తప్పుతుంది, ముక్కకూ అంటదు. నల్లుప్పు అర చెంచా మించకూడదు. దానికుండే గంధకపు వాసన కొద్దిగా తగిలితే రుచి, ఎక్కువైతే కోడిగుడ్డు ఉడికించిన గిన్నె గుర్తొస్తుంది. ఆమ్‌చూర్ పేరుతో దొరికే మామిడి ఒరుగుల పొడి పులుపు ఇస్తుంది, తడి తేదు. దీన్ని వేసేది అందుకే. పులుపంతా నిమ్మకాయతోనే తేవాలని చూస్తే ముక్కలు రసంలో ఈదుతాయి. పంచదార తీపి కోసం కాదు, వగరును, కారాన్ని కాస్త అణచడానికి. దోరకాయలో మిగిలి ఉండే ఆ కొద్దిపాటి వగరు దీనితో హాయిగా మారుతుంది.

జీలకర్ర పొడి వేయించి కొట్టినది ఇప్పటికే ఇంట్లో ఉంటే అర చెంచా కలుపుకోవచ్చు. లేకపోతే దానికోసం పొయ్యి వెలిగించక్కర్లేదు. పచ్చి జీలకర్ర మాత్రం వేయకండి, చేదుగా తగులుతుంది. చాట్ మసాలా వాడేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి. అందులో ఉప్పు, నల్లుప్పు, ఆమ్‌చూర్ ముందే ఉంటాయి. దానికి కారం ఒక్కటే కలిపితే సరి, మళ్ళీ ఉప్పు పోస్తే నోట పెట్టలేరు.

అన్నీ పొడి గిన్నెలో వేసి పొడి చెంచాతో బాగా కలిపి, తడిలేని గాజుసీసాలో పోసి మూత బిగించండి. ఉప్పు, పంచదార రెండూ గాలిలో తేమ లాగుతాయి కాబట్టి వానాకాలంలో పది బియ్యపుగింజలు వేసి ఉంచండి. తడిచెంచా పెడితే రెండ్రోజుల్లో గడ్డకడుతుంది. నెల దాటితే రంగు, వాసన తగ్గుతాయి, అందుకే కొలత చిన్నదిగా ఇచ్చాం.

కడగడం, తుడవడం, కోయడం

1. ముందు చేతులు, చాకు, కోసే పలక కడుక్కోండి. కత్తిపీట మీద కోసేవాళ్ళు దాని అలుగు, మొదలు కూడా కడగాలి. మాంసం, చేపలు కోసే పలక దీనికి వాడొద్దు. వండనిదానిలో ఆ క్రిములు చచ్చే దారి లేదు.

2. కాయను కోయకముందే కుళాయి నీటి ధార కింద వేళ్ళతో రుద్ది కడగండి. పువ్వు ఉన్న కొసన ఎండిన రేకులు ముడుచుకుని ఉంటాయి చూడండి, మట్టి, పిండినల్లి చేరేది అక్కడే. వేలిగోటితో ఆ మడతలు విప్పి కడగాలి. సబ్బు, డిటర్జెంట్ వద్దు, తొక్కలోకి ఇంకుతాయి.

3. శుభ్రమైన పొడిగుడ్డతో కాయంతా తుడవండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. తొక్క మీద నిలిచిన నీళ్ళు కోసేటప్పుడు ముక్కలన్నిటికీ పాకి, తర్వాత చల్లే పొడిని ముద్దచేస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన కాయైతే పావుగంట బయట ఉంచి, పట్టిన చెమ్మ తుడిచి కోయండి. ఎలాగూ మరీ చల్లటి జామకు తీపి, వాసన తెలియవు.

4. తొడిమ వైపు, పువ్వు వైపు కొసలు పల్చగా కోసి పారేయండి. కాయను నిలువుగా రెండు చేసి ఒక్క క్షణం ఆగి లోపల చూడండి. గుజ్జు ఒకే రంగులో ఉండాలి. గోధుమరంగు తిరిగి నీరుగా ఉన్న భాగం, సన్నటి తెల్లపురుగులు కనిపిస్తే కాయ మొత్తం పారేయండి. చెడినంత మేర తీసేసి మిగతాది తినాలని చూడకండి, పులిసిన రుచి అప్పటికే పాకి ఉంటుంది.

5. ఒక్కో సగాన్ని మళ్ళీ నిలువుగా, వెడల్పు వైపు ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు ఉండేలా బద్దలు కోయండి. ఇంతకన్నా పల్చగా కోస్తే ఉప్పు తగలగానే వేలాడిపోతాయి. మరీ లావైతే పైన ఉప్పుకారం, లోపల ఒట్టి జామ, రెండూ కలవవు. చాకు పదునుగా ఉండాలి. మొద్దు చాకు గుజ్జును కోయదు, నలుపుతుంది, నలిగినచోటల్లా రసం కారుతుంది.

తొక్క తీయకండి. జామలో విటమిన్ సి 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది, అదీ తొక్కలోను, దాన్ని ఆనుకున్న గుజ్జులోను ఎక్కువ. పైగా ఆ కరకర వచ్చేది తొక్కవల్లే. గింజలు పంటికింద ఇబ్బంది పెడతాయనుకుంటే, ముఖ్యంగా కట్టుడుపళ్ళు ఉన్న పెద్దవాళ్ళకు పెట్టేటప్పుడు, బద్దలు కోయకముందే చెంచాతో మధ్యలోని గింజలగుజ్జును తోడేయండి. ఆ గుజ్జు పారేయకుండా జల్లెడలో వేసి చెంచాతో రుద్దితే రసం దిగుతుంది, మజ్జిగలో కలుపుకోవచ్చు.

బండి దగ్గర ఇచ్చినట్టు కాయకాయగా కావాలంటే, పువ్వు వైపు నుంచి గుత్తివంకాయకు కోసినట్టు నాలుగు పక్షాలుగా కోయండి, తొడిమ దగ్గర మాత్రం ఊడకుండా ఒక వేలి మందం వదలండి. పక్షాలు కాస్త విప్పి లోపలివైపు చిటికెడు ఉప్పుకారం అద్ది, మూసి, చేత్తో ఒకసారి నొక్కి ఇవ్వండి. పళ్ళెం అక్కర్లేదు, చేతులకు అంటదు, నడుస్తూ తినొచ్చు. మధ్యరకం కాయకు పావు చెంచా పొడి సరిపోతుంది.

కలపడం

తినేవాళ్ళంతా కూర్చున్నాకే ఈ మెట్టు మొదలుపెట్టండి.

లోతు గిన్నె కాకుండా వెడల్పాటి పళ్ళెం తీసుకోండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ముందు నిమ్మరసం చెంచాడు చుక్కలు చుక్కలుగా చల్లి, చేత్తో ఒకసారి కలిపి అరనిమిషం ఆగండి. కోసిన ముఖాలకు పల్చటి తడి పడుతుంది, పొడి అంటుకోవడానికి ఆ తడి చాలు. ఇప్పుడు ఉప్పుకారం వేళ్ళతో తీసుకుని, జానెడు ఎత్తు నుంచి పళ్ళెమంతా పడేలా చల్లండి. దగ్గర నుంచి వేస్తే ఒకచోటే కుప్పపడుతుంది. ముందు అర చెంచా చల్లి, ముక్కలు తిప్పి, ఒకటి రుచి చూసి, అప్పుడు మిగతా పావు చెంచా వేయాలో వద్దో తేల్చుకోండి.

ఐదు పది నిమిషాల్లో తినేయాలి. ఉప్పు ముక్కను తాకగానే కణాల్లోని నీటిని బయటికి లాగడం మొదలుపెడుతుంది. ఊరగాయలో ముక్కలు నీరు వదిలేది ఈ గుణంవల్లే. అక్కడ మనకు కావలసింది అదే, ఇక్కడ అదే శత్రువు. మొదటి రెండు మూడు నిమిషాల్లో ముక్క పైన సన్నటి మెరుపు వస్తుంది, కారం రంగు విచ్చుకుంటుంది. తినాల్సిన అదను అది. పావుగంట గడిస్తే అడుగున నీరు చేరుతుంది, కరకర తగ్గుతుంది. అరగంట దాటాక ఎంత మంచి కాయైనా బండి రుచి రాదు.

పచ్చిమిరప ఇష్టమైనవాళ్ళకు తడి ఉప్పుకారం ఒకటి ఉంది. కల్వంలో అర చెంచా కల్లుప్పు, తొడిమ తీసి తుంచిన పచ్చిమిరపకాయలు రెండు వేసి కచ్చాపచ్చాగా నూరండి. ఉప్పుపలుకులే మిరపను కోస్తాయి, నీళ్ళు పోయనక్కర్లేదు. దీన్ని ముక్కలకు కలపకుండా పళ్ళెం అంచున పెట్టి, ముక్కను అద్దుకుని తినాలి. ఎంత అద్దుకోవాలో ఎవరి నోరు వారికి చెబుతుంది. నూరిన చేత్తో కళ్ళు తుడుచుకోకండి.

తేడా వస్తే ఏం చేయాలి

ఉప్పెక్కువైతే నీళ్ళతో కడగకండి, ఉన్న రుచి కూడా పోతుంది. ఉప్పు వేయని ముక్కలు మరికొన్ని కలపండి, అందుకే ఒక పావుకాయ కోయకుండా పక్కన ఉంచుకోవడం మంచి అలవాటు. కారం నాలుక కాలుస్తుంటే నీళ్ళు తాగి లాభం లేదు, మిరప ఘాటు నీళ్ళలో కరగదు. రెండు చెంచాల పెరుగో, కొద్దిగా పాలో తీసుకోండి. కాయ వగరుగా తేలితే పంచదార పొడి మరో పావు చెంచా చల్లి నిమ్మరసం తగ్గించండి, పులుపు వగరును ఇంకా పైకి తెస్తుంది. చప్పగా ఉంటే, వానాకాలపు కాయలు తరచూ అలాగే ఉంటాయి, కారం పెంచకండి. ఒరుగుల పొడి ఇంకో చిటికెడు చల్లితే రుచి లేస్తుంది. కారం ముద్దలు కట్టిందంటే కాయ తడిగా ఉంది, లేదా నిమ్మరసం ఎక్కువ పడింది. పళ్ళెం ఒకవైపు వంచి నీరు పారబోసి, పొడి కొద్దిగా మళ్ళీ చల్లండి.

ఇదే పొడితో మిగతా పళ్ళు

జామ లేని కాలంలోనూ సీసాలో పొడి ఉంటుంది కదా. అయితే ప్రతి పండుకీ ఒకే లెక్క కుదరదు.

పచ్చి మామిడికి కలెక్టర్ కాయ, అంటే తోతాపురి, అన్నిటికన్నా బాగుంటుంది. పులుపు మితంగా ఉండి కండ గట్టిగా ఉంటుంది. ముచ్చిక దగ్గర కోయగానే సొన కారుతుంది, అది తగిలితే పెదాలు, చర్మం మండుతాయి. ముందు ముచ్చిక కోసి, కాయను బోర్లించి సొన కారనిచ్చి, మళ్ళీ కడిగి తుడిచి కోయాలి. నిమ్మరసం వద్దే వద్దు. పంచదార పొడి పావు చెంచా అదనంగా వేసుకోండి.

అనాసలో బ్రోమిలైన్ అనే ఎంజైము ఉంటుంది. ఎక్కువ తింటే నాలుక గీరుకుపోయినట్టు అనిపించేది దానివల్లే. ముక్కలు కోశాక అరలీటరు నీటిలో చెంచా ఉప్పు కరిగించి, అందులో ఐదు నిమిషాలు ఉంచి, వడగట్టి గుడ్డతో అద్దండి, ఆ గీర చాలావరకు తగ్గుతుంది. ఉప్పు అప్పటికే పట్టి ఉంటుంది కాబట్టి పైన కారం, చిటికెడు నల్లుప్పు మాత్రమే చల్లాలి. అనాస ముక్కలు పెరుగులో కలిపి ఉంచకండి. ఈ ఎంజైమే పెరుగులోని మాంసకృత్తులను విరగ్గొట్టి చేదు పుట్టిస్తుంది.

పుచ్చకాయకు కలపడమనే మాటే లేదు. అందులో తొంభై శాతం పైగా నీరే. ముక్క చేతిలోకి తీసుకున్నాక దానిమీద చిటికెడు నల్లుప్పు, మిరియాల పొడి చల్లుకుని తినేయాలి. తొక్క తినం కదా అని కడగడం మానొద్దు. చాకు తొక్క మీది మట్టిని లోపలికి తీసుకెళుతుంది.

నేరేడు దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. పావుకిలో పళ్ళు కడిగి, మూత ఉన్న గిన్నెలో అర చెంచా ఉప్పు వేసి, మూత గట్టిగా పట్టుకుని పైకీ కిందకీ ఇరవై ముప్పై సార్లు కుదపండి. పళ్ళు ఒకదానికొకటి తగిలి తొక్క చిట్లుతుంది, ఉప్పు లోపలికి దిగి వగరు తగ్గుతుంది, ఊదారంగు రసం ఊరుతుంది. ఐదు నిమిషాలు అలాగే ఉంచి తింటే ఇంకా బాగుంటాయి. జామలో వద్దన్న నీరే ఇక్కడ రుచి. కారం అవసరం లేదు. తెల్ల చొక్కా వేసుకున్నవాళ్ళను కాస్త దూరంగా కూర్చోబెట్టండి, ఆ మరక వదలదు.

కీరా, దానిమ్మ గింజలు, గట్టి ద్రాక్ష ఈ పొడికి బాగా నప్పుతాయి, జామతో కలిపి కూడా వేసుకోవచ్చు. యాపిల్ కోయగానే నల్లబడుతుంది, దానికి నిమ్మరసం కోసిన వెంటనే పట్టించాలి. అరటి, సపోటా, సీతాఫలం ఉప్పుకారం జోలికి తేకండి. వాటి మెత్తదనానికి, తీపికి ఇది పొసగదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఒరుగుల పొడి, నల్లుప్పు అందుబాటులో లేకపోతే, మెక్సికన్ దుకాణాల్లో దొరికే తహీన్ పొడి చల్లి చూడండి. మిరప, నిమ్మ, ఉప్పు కలిపి చేసేదే అది, పళ్ళ మీద చల్లుకునే అలవాటు అక్కడా ఉంది. దానిలో కారం తక్కువ, మన కారం చిటికెడు కలిపితే దారికొస్తుంది. జామకాయ ఆసియా దుకాణాల్లో వెతకండి.

ఎవరికి ఎంత

ముప్పావు చెంచా పొడిలో ఉప్పు సుమారు 2 గ్రాములు. ముగ్గురు పంచుకుంటే తలా 0.7 గ్రాము పడుతుంది. రోజు మొత్తానికి పెద్దవాళ్ళకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్ళు ఆరోజు అన్నంలో ఊరగాయ, అప్పడం తగ్గించి ఇది తినొచ్చు, లేదా పొడిలో ఉప్పు సగానికి తగ్గించి ఒరుగుల పొడి రెట్టింపు చేసుకోవచ్చు. పులుపు ఉప్పు లోటును చాలావరకు కప్పుతుంది.

ఐదేళ్ళ లోపు పిల్లలకు గట్టి జామముక్క గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. బాగా పండిన కాయ గింజలు తీసి పల్చటి పలుకులుగా ఇవ్వండి, ద్రాక్ష అయితే నిలువుగా నాలుగు చీలికలు చేయండి. వాళ్ళు తింటున్నంతసేపూ పక్కన కూర్చోవాలి.

బడికి, ఆఫీసుకు డబ్బా కట్టేటప్పుడు

ముక్కలు, పొడి విడివిడిగా వెళ్ళాలి. బద్దలకు నిమ్మరసం మాత్రం పట్టించి, అడుగున మడిచిన పొడి టిష్యూ పరిచిన డబ్బాలో పెట్టండి. ఉప్పుకారం చిన్న మూతడబ్బాలో వేయండి. పాత వార్తాపత్రిక ముక్కలో పొట్లం కట్టొద్దు, అచ్చు సిరా తినేదానికి అంటుతుంది. కోసిన పండు గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే, అంటే మన ఎండాకాలమంతా గంట లెక్కే. అంతకన్నా ఆలస్యమయ్యేలా ఉంటే కాయను కడిగి తుడిచి కోయకుండానే పంపండి, అక్కడ కోసుకోవడం మేలు.

పొడి కలపని ముక్కలు మిగిలితే మూతబెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాటికి వాడుకోవచ్చు. ఉప్పుకారం కలిపినవి మిగిలితే దాచకండి. గింజలు లేని భాగాలను సన్నగా తరిగి, ఊరిన నీటితో సహా గట్టి పెరుగులో కలిపి, కొత్తిమీర తుంచి వేస్తే ఆ రాత్రి అన్నంలోకి పెరుగుపచ్చడి అవుతుంది. వేరే ఉప్పు వేయక్కర్లేదు.